దబ్బనమ్మ విప్పిన కుట్టు

మా ఆఫీసులో పెద్దసారు సంతకానికి విలువుంది. మంత్రిగారి ముద్రకి ఇంకా ఎక్కువ విలువుంది. ఆ రెండూ పడిన కాగితం కూడా సరిహద్దు దాటాలంటే మాత్రం దబ్బనమ్మ చేతిలోంచి వెళ్ళాల్సిందే. ఈ మాట నేను సరదాకి అనడం లేదు. పదకొండేళ్ళుగా ఆమె ఎదురుబల్ల దగ్గర కూర్చుని టైపు కొడుతున్నదాన్ని, అనుభవం మీద చెబుతున్నాను. కాస్త కడుపుమంటతో కూడా చెబుతున్నాను.

మాది కోర్టు భవనం మూడో అంతస్తులో మూడు గదుల ఆఫీసు. ఇక్కడ నేరం చేసి వేరే దేశంలో దాక్కున్నవాణ్ణి మాకు అప్పగించమని ఆ దేశాన్ని అడగడం, అక్కడ నేరం చేసి ఇక్కడ తేలినవాణ్ణి వాళ్ళడిగితే పంపడం, ఇదీ మా పని. ఈ మాట చెప్పగానే మా బంధువులు తుపాకులూ, హెలికాప్టర్లూ ఊహించేసుకుని కళ్ళు పెద్దవి చేస్తారు. మా దగ్గర ఉన్నవి కాగితాలు. అభియోగపత్రం, వారెంటు, సాక్షుల వాంగ్మూలాలు, వేలిముద్రలు, ఫొటోలు, చట్టంలో సంబంధించిన సెక్షన్ల నకళ్ళు, అన్నిటికీ అవతలి దేశపు భాషలో అనువాదాలు. ఇవన్నీ ఒకే కట్టగా కుట్టి, దారం కొసలు లక్కలో నొక్కి ముద్ర వేయాలి. ఒక్క కాగితం ఊడొచ్చేలా ఉన్నా, మధ్యలో ఒకటి దూర్చడానికి సందున్నా అవతలి కోర్టులో నిందితుడి వకీలు ఎగిరి గంతేస్తాడు. కట్ట చెల్లదంటాడు. కట్ట చెల్లకపోతే వాడు దర్జాగా నడుచుకుంటూ బయటికి పోతాడు.

ఆ కుట్టే పని దబ్బనమ్మది. చేతిలో ఎప్పుడూ జానెడు పొడుగు దబ్బనం ఉంటుంది కనక ఆ పేరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎదురుగా అందరం "అక్కా" అంటాం. ఆమె కొడుకు వయసున్న మా పెద్దసారు, అంటే ప్రాసిక్యూటరు గారు, "అక్కగారూ" అంటాడు. ఆమె ఆయన్ని "బాబూ" అంటుంది. నన్ను మాత్రం "ఏమే టకటకా" అంటుంది. నాకూ ఒక పేరుందని ఆమెకి గుర్తుందో లేదో అనుమానమే.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె కూడా టైపిస్టు ఉద్యోగానికే వచ్చిందట. పరీక్షలో నిమిషానికి పద్నాలుగు మాటలు కొట్టింది, అందులో తొమ్మిది తప్పులు. "మీరిక వెళ్ళొచ్చమ్మా" అని అప్పటి ఆఫీసరు మర్యాదగా చెబుతుండగానే ఆయన బల్లమీది ఫైలు ఒకటి తెగి గదంతా కాగితాలు పరుచుకున్నాయి. వెళ్ళమన్న మనిషి వెళ్ళకుండా నేలమీద చతికిలబడి, కాగితాలన్నీ అంకెల వరసలో పేర్చి, సంచిలోంచి సూదీ దారం తీసి అక్కడికక్కడే కుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ ఫైలుని తలకిందులు చేసి దులిపి చూశాడు. ఒక్క కాగితం రాలలేదు. అప్పుడు వేసిన కుర్చీలోంచి ఆమె ఇప్పటిదాకా లేవలేదు.

వంకర కుట్టు కనబడితే ఆమెకి ముద్ద దిగదు. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన నెమ్మదస్తుడు. ఒకసారి నాతో వాపోయాడు. "మొట్టమొదటిసారి నన్ను చూసినప్పుడు మీ అక్క నా మొహం చూడలేదమ్మా. చొక్కా జేబు చూసింది. కుట్టు ఊడిందండీ అంది. అదే మొదటి మాట." అల్లుడు అత్తారింటికి వచ్చే ముందు కాలరు తిరగేసి చూసుకుంటాడు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం కుర్చీలో కూర్చుని ఉండగానే ఆ కుర్చీ కవరు అంచు విప్పి మళ్ళీ కుట్టేసింది. ఆ చుట్టం మళ్ళీ రాలేదు. అందుకు ఆమె ఏమీ బాధపడలేదు.

ఆమెకి ఇంకో పద్ధతి ఉంది. కుట్టే కాగితాన్ని చదవదు. అంకె చూస్తుంది, వరస చూస్తుంది, అంచులు బల్లకేసి తట్టి సమం చేస్తుంది, అంతే. ముప్పై ఏళ్ళలో ఎన్ని ఘోరాలు ఆ చేతుల్లోంచి వెళ్ళాయో, ఒక్కదాని సంగతీ ఆమెకి తెలీదు. "చదివితే చెయ్యి వణుకుతుందే. చెయ్యి వణికితే కుట్టు చెడుతుంది. చదవడానికి మీరు ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు కదా" అనేది. నేరస్తుల్ని కట్టల మందాన్ని బట్టి గుర్తుపెట్టుకునేది. "ఆ రెండంగుళాలవాడు వచ్చాడా?" "అంగుళమున్నరవాడికి బెయిలిచ్చారటగా?" అని అడుగుతుంటే కొత్తగా చేరినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు.

అలాంటి మనిషి చేతిలోకి నాలుగంగుళాలవాడు వచ్చాడు. వాణ్ణి అందరూ 'బాబాయ్' అనేవాళ్ళు. వాడే అలా పిలిపించుకునేవాడు. ఇంటికొచ్చి, పెద్దవాళ్ళని పలకరించి, పెట్టింది తిని, "పిల్ల బాధ్యత నాదీ" అని చెప్పి, పరాయిదేశంలో హోటలు ఉద్యోగమంటూ ముప్పై ఒక్కమందిని తీసుకెళ్ళాడు. అక్కడ హోటలు లేదు. ఎత్తు గోడల వెనక ఒక పెద్ద షెడ్డు ఉంది. పాస్‌పోర్టులు లాక్కుని, ఒక్కొక్కరికి పది ఫోన్లు ఇచ్చి, బ్యాంకువాళ్ళమనీ పోలీసులమనీ చెప్పి ప్రపంచంలో ఉన్న ముసలివాళ్ళందర్నీ మోసం చేయించేవాళ్ళు. మా బాబాయ్ మనిషికింత అని పుచ్చుకుని ఇంకో ముప్పైమందిని వెతకడానికి బయల్దేరేవాడు. అంత చక్కటి పిలుపుని ఇలాంటి వెధవ పాడుచేశాడే అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయితే ఆ ముప్పై ఒక్కమందిలో ఒక దర్జీ అమ్మాయి ఉంది. జబ్బు చేసి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి నర్సు సాయంతో తప్పించుకుని వచ్చి, మొత్తం గుట్టు బయటపెట్టింది. ఆ షెడ్డు మూతపడింది, మిగతావాళ్ళూ ఇళ్ళకి చేరారు. బాబాయ్ మాత్రం మూడో దేశంలో తేలాడు. మేము అడిగితే ఆ దేశంవాళ్ళు పట్టుకుని లోపల వేశారు. కానీ ఊరికే ఉంచుకోరు కదా. అరవై రోజులు గడువిచ్చారు. ఆ అరవై రోజుల్లో మా కట్ట సక్రమంగా అందితే సరి, లేకపోతే అరవై ఒకటో రోజు పొద్దున వాణ్ణి వదిలేస్తారు. వదిలేస్తే వాడు మళ్ళీ దొరకడు. ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఒకరింట్లో కూర్చుని మళ్ళీ బాబాయ్ అయిపోతాడు.

కట్ట తయారీకే యాభై రోజులు పట్టింది. అందులో ప్రాణమంతా ఆ దర్జీ అమ్మాయి వాంగ్మూలంలో ఉంది. నదీతీరంలోని చిన్న ఊళ్ళో ఒక పెద్దవయసు మేజిస్ట్రేటు దాన్ని రాసుకుని, విడిగా కుట్టి, ముద్ర వేసి పంపాడు. పెద్దసారు దాని నకలు చదివి, అనువాదం చేయించి, అసలుని దబ్బనమ్మ బల్లమీద పెట్టాడు.

ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ఇదేమిటే టకటకా? ఇది కుట్టా?" అంది. నేనూ చూశాను. నీలం దారం, ఒకటి పైకీ ఒకటి కిందికీ, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పిల్లలు వేసిన రైలుపట్టాల బొమ్మలా ఉంది. "మేజిస్ట్రేటు గారి బంట్రోతు కుట్టుంటాడక్కా" అన్నాను. "వాడి చేతులు విరగ్గొట్టాలి. పరాయి దేశంవాళ్ళు చూస్తే మన పరువేం కావాలి?" అంటూ కత్తెర తీసి చకచకా విప్పేసింది. లక్క గీకేసింది. మూడు చిల్లులు కొలిచి వేసి, ఎర్ర రిబ్బనుతో గీత గీసినట్టు కుట్టి, మిగతా కట్టలో కలిపేసింది. నేను ఆపలేదు సరికదా, నవ్వాను. ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

మా దగ్గరొక అలవాటుంది. కట్టని అధికారికంగా ఇచ్చే ముందు ఆ దేశపు దౌత్య కార్యాలయంలో ఒక అధికారిణికి చూపిస్తాం. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారవిడిచి, పెన్సిలు మొనతో ఒక్కొక్క పేజీ తిప్పుతుంది. యాభై మూడో రోజున రెండువందల పద్నాలుగో పేజీ దగ్గర ఆవిడ పెన్సిలు ఆగింది. పెద్దసారుతో పాటు నేనూ అక్కడే ఉన్నాను.

"ఇక్కడ మీ మేజిస్ట్రేటు గారు ఏం రాశారో చదవండి" అంది.

పెద్దసారు చదివాడు. 'ఈ వాంగ్మూలాన్ని ఇచ్చిన మనిషే నా ఎదుట కూర్చుని, తన చేత్తో, నీలం దారంతో పదకొండు కుట్లు వేసి కుట్టినది. దానిపై నేను ముద్ర వేసినాను.'

"నీలం దారం ఏది? పదకొండు కుట్లు ఏవి?" అని ఆవిడ ఎర్ర రిబ్బను మీద పెన్సిలుతో తట్టింది. "ఇది చాలా అందంగా ఉంది. కానీ ఇది ఆయన ముద్ర వేసిన కాగితం కాదు. మా కోర్టు ఒప్పుకోదు. మీకింకా ఏడు రోజులున్నాయి."

ఆఫీసుకి వచ్చి పెద్దసారు సంగతి చెప్పగానే దబ్బనమ్మ ముందు ఎగిరిపడింది. "దర్జీ అమ్మాయి కుట్టిందా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు బాబూ? దర్జీ అన్నది అలా కుడుతుందా?"

"ఆ అమ్మాయి కుడిచేతికి రెండు వేళ్ళు వంగవు అక్కగారూ" అన్నాడు పెద్దసారు. "ఫోనులో సరిగా మోసం చేయలేదని అక్కడ ఇనప కడ్డీతో కొట్టారు. అంతా వాంగ్మూలంలో ఉంది."

దబ్బనమ్మ లేచి వెళ్ళి చెత్తబుట్ట నేలమీద కుమ్మరించి, ఆ నీలం దారం కోసం గంటసేపు వెతికింది. బుట్ట ఎప్పుడో ఖాళీ చేసేశారు. దొరికినవన్నీ నా బిస్కెట్ల కాగితాలే. "రోజుకి ఎన్ని తింటావే" అంది గానీ ఆ తిట్టులో పస లేదు.

పాత మేజిస్ట్రేటు గారు మళ్ళీ సంతకం పెడితే సరిపోతుందేమో అనుకున్నాం. ఆయన రెండువారాల కిందటే రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్తావిడకి పెద్దసారు ఫోను చేస్తే, "నా చెవులతో వినని మాటకి నేను సంతకం పెట్టను. సాక్షిని పిలవండి, ప్రమాణం చేయించి మొదటినుంచీ వింటాను" అని కచ్చితంగా చెప్పేసింది. చట్టప్రకారం ఆవిడ మాటే సరైనది. అంటే ఆ అమ్మాయి కథంతా మళ్ళీ చెప్పాలి. టైపు కొట్టడానికి నన్ను వెళ్ళమన్నారు. దబ్బనమ్మని ఎవరూ వెళ్ళమనలేదు. "విప్పింది నేను. నేను వెళ్ళకపోతే ఎలా?" అని సంచి సర్దుకుంది.

బస్సులో నాలుగు గంటల ప్రయాణం. ముందు సీటు కవరు చిరిగి ఆమె మోకాళ్ళ మీదికే వేలాడుతోంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

వంతెన దిగగానే మలుపులో ఉంది ఆ దర్జీ అమ్మాయి ఇల్లు. వీధిలోకి తెరుచుకున్న ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు. చేతిపని లేకుండా మిషను మీద తిన్నగా పోయే బడిసంచులు మాత్రం కుడుతోంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. మేము ఎవరమో చెప్పగానే మిషను ఆపింది.

"మళ్ళీ చెప్పాలా? పోలీసులకి చెప్పాను. కార్మికశాఖలో చెప్పాను. ఆ పెద్దాయనకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వారం రోజులు నిద్ర ఉండదు నాకు. వినాల్సినవాడు తప్ప ఊళ్ళో అందరూ విన్నారు. ఇంక నావల్ల కాదండీ."

నేను గడువు గురించి, కట్ట గురించి ఏవో నసిగాను. దబ్బనమ్మ నన్ను పక్కకి నెట్టింది.

"నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా, ఆ పెద్దాయనా సరిగ్గానే రాశాడు. నీ కుట్టు వంకరగా ఉందని విప్పేసింది నేను. ముద్ర చెడింది. తప్పు నాది."

ఆ అమ్మాయి కుడిచెయ్యి ఎత్తి చూపించింది. ఉంగరపు వేలు, నడిమి వేలు కర్రల్లా నిటారుగా ఉన్నాయి. "ఆ పదకొండు కుట్లు వెయ్యడానికి నాకు గంట పట్టింది, తెలుసా మీకు? ఇంటికొచ్చాక చేత్తో నేను వేసిన మొదటి కుట్లు అవి. వంకరని మీకు అనిపించిందా? నేను ఇంటికొచ్చి మా అమ్మకి గొప్పగా చెప్పుకున్నాను."

దబ్బనమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు. లోపల్నించి ఆ అమ్మాయి తల్లి టీ గ్లాసులు పట్టుకొచ్చి, "ముందిది తాగండి, చల్లారిపోతుంది. తిట్టుకోవడం తర్వాతైనా తిట్టుకోవచ్చు" అంది. ఆ మాటకి ఎవరికీ నవ్వు ఆగలేదు. కోపంగా ఉన్న ఆ అమ్మాయికి కూడా.

టీ తాగుతూ ఆ అమ్మాయి అడిగింది. "విప్పేటప్పుడు అందులో ఏం రాసుందో చదివారా?"

"లేదమ్మా. నేను కుట్టేవి చదవను."

"ఎందుకని?"

ఎప్పుడూ చెప్పే వణుకు సంగతి చెబుతుందనుకున్నాను. "భయం" అంది దబ్బనమ్మ.

"అయితే ఒక షరతు" అంది ఆ అమ్మాయి. "వస్తాను, మళ్ళీ చెబుతాను. కానీ మీరు నా ఎదురుగా కూర్చోవాలి. మొత్తం వినాలి. మధ్యలో లేవకూడదు."

మర్నాడు పొద్దున పదింటికి మేజిస్ట్రేటు గారి గదిలో మొదలైంది. చిన్న గది, కిర్రుమనే ఫ్యాను, కిటికీ అవతల సైకిళ్ళ షెడ్డు. దబ్బనమ్మ అక్కడ కూర్చోవడానికి మేజిస్ట్రేటు గారు అభ్యంతరం చెప్పలేదు, నోరు మెదపకూడదని మాత్రం అంది. దబ్బనమ్మని నోరు మెదపకుండా కూర్చోమనడం ఎంత పెద్ద శిక్షో పాపం ఆవిడకి తెలీదు.

ఆ అమ్మాయి చెబుతూ ఉంటే నేను కొడుతూ పోయాను. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను, అవి ఆమెవి. వాళ్ళమ్మ వడ్డిస్తుంటే బాబాయ్ రెండోసారి అడిగి మరీ తిన్నాడని చెప్పింది. ఫోనులో ఒక ముసలాయన "నీ గొంతు మా మనవరాలి గొంతులా ఉందమ్మా" అంటే తను ఫోను పెట్టేసిందని, ఆ రోజే వేళ్ళు విరిగాయని చెప్పింది. నా చేతులు మీటల మీద తప్పులు కొట్టాయి. దబ్బనమ్మ లేవలేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు. నాలుగు గంటలు ఆ అమ్మాయి మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆ అమ్మాయి కూడా సగంనుంచీ మేజిస్ట్రేటు గారికి చెప్పడం మానేసి ఆమెకే చెప్పింది.

పంతొమ్మిది పేజీలైంది. చదివి వినిపించాం, ప్రతి పేజీ మీదా సంతకమైంది. "ఇక కుట్టాలి కదా, ఎవరు కుడతారు?" అంది మేజిస్ట్రేటు గారు.

"నేనే" అంది ఆ అమ్మాయి.

దబ్బనమ్మ సంచిలోంచి తన దబ్బనం తీసి ఇచ్చింది. కన్నకూతురు అడిగినా ఇవ్వని దబ్బనం అది. ఆ అమ్మాయి దానికి నీలం దారం ఎక్కించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎలాగో ఇరికించుకుని మొదలుపెట్టింది. మొదటి కుట్టు పర్వాలేదు. రెండోది కిందికి జారింది. మూడోది రెండో దాని మీదికి ఎక్కింది. నాలుగోది ఎటు పోతోందో దానికే తెలీదు. దబ్బనమ్మ కుర్చీలో అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది.

"ఏమైందమ్మా, ఇబ్బందిగా ఉందా?" అంది మేజిస్ట్రేటు గారు.

"ఏం లేదండీ. చేతుల మీద కూర్చున్నాను" అంది దబ్బనమ్మ.

నిజంగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వుతో ఐదో కుట్టు ఇంకా వంకర పోయింది. అన్నీ కలిపి తొమ్మిది కుట్లు, నలభై నిమిషాలు. మేజిస్ట్రేటు గారు లెక్కపెట్టి, దారం రంగుతో సహా రాసి, లక్క పోసి ముద్ర వేసింది.

యాభై ఎనిమిదో రోజున మా ఆఫీసులో దబ్బనమ్మ ఆ పంతొమ్మిది పేజీల చుట్టూ పెద్దకట్ట కుట్టింది. నీలం దారానికి తన రిబ్బను ఎక్కడా తగలకుండా, కొలిచి కొలిచి, ఒక రోజంతా కుట్టింది. అంతకు ముందు రోజంతా కూర్చుని పేజీలన్నీ చదివింది. ఈలోగా కొత్త పేజీల అనువాదానికి మేమంతా కిందా మీదా పడ్డాం, పెద్దసారు రెండు రోజులు గడ్డం గీసుకోలేదు. యాభై తొమ్మిదో రోజున దౌత్య కార్యాలయంలో అధికారిణి కళ్ళజోడు జార్చి, పెన్సిలు మొనతో కుట్లు లెక్కపెట్టింది. మేమూ ఆవిడతో పాటు మనసులో లెక్కపెట్టాం. తొమ్మిది.

"సరిపోయింది" అంది.

కట్ట గడువులోపే చేరింది. ఆ తర్వాత కేసు అక్కడి కోర్టులో ఏడు నెలలు నలిగింది. వాడి వకీలు అన్ని రాళ్ళూ వేసి చూశాడు. ఆ కుట్టు మీద కూడా వేశాడు. అక్కడి జడ్జి మా మేజిస్ట్రేటు గారు రాసింది చదువుకుని, కుట్లు లెక్క చూసుకుని, తర్వాతి మాటకి రమ్మన్నాడట. వాణ్ణి పంపుతున్నారని కబురు వచ్చిన రోజు మా మూడు గదుల్లోనూ పండగే. పెద్దసారు అందరికీ టీ తెప్పించాడు. "నాలుగంగుళాలవాడు వచ్చేస్తున్నాడక్కా!" అని నేను అరిచాను. "నోర్ముయ్యవే. అంగుళాలేంటి, వాడు ముప్పై ఒక్కమందిని అమ్మినవాడు" అంది దబ్బనమ్మ.

ఇప్పుడు ఆమె ప్రతి కట్టా చదివిగానీ కుట్టదు. దానివల్ల మా ఆఫీసులో పనులు మూడింతలు ఆలస్యమవుతున్నాయి. చదువుతూ ముక్కు ఎగబీలుస్తుంది, "ఛీ వెధవ" అంటుంది, మధ్యలో లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళి "బాబూ, వీడికి ఈ సెక్షను కూడా పెట్టాల్సింది కదా" అని సలహాలిస్తుంది. రెండుసార్లు ఆమె చెప్పింది నిజంగానే పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆయన ఏమీ అనలేకపోతున్నాడు. చెయ్యి వణుకుతోందా అంటే, వణుకుతోంది. కుట్లు అప్పుడప్పుడు కాస్త పక్కకి పోతున్నాయి. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను, నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

విచారణ మా భవనంలోనే, కింది అంతస్తు కోర్టుహాల్లో జరిగింది. ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. దబ్బనమ్మా నేనూ వెనక బెంచీలో కూర్చున్నాం. బాబాయ్ బోనులో నిలబడ్డాడు. ఫొటోల్లో చూసినదానికంటే పొట్టిగా, మామూలుగా ఉన్నాడు. ఎవరింటికొచ్చినా కాళ్ళకి నీళ్ళిచ్చేలా ఉన్నాడు. ఆ అమ్మాయిని చూడగానే అలవాటు కొద్దీ చిన్నగా నవ్వబోయాడు.

వాడి వకీలు లేచి, "సాక్షి చెప్పేదంతా వాంగ్మూలంలో ఉంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పించి కోర్టువారి సమయం వృథా చేయడమెందుకు? ఆ కాగితాలు చదివినట్టుగా భావిస్తే చాలు, సాక్షికి కూడా శ్రమ తప్పుతుంది" అన్నాడు.

జడ్జిగారు ఆ అమ్మాయి వైపు చూశాడు. "నీకు చెప్పడం కష్టంగా ఉంటే అలాగే చేద్దామమ్మా."

"కష్టంగానే ఉందండీ" అంది ఆ అమ్మాయి. "అయినా చెబుతాను. మొత్తం."

దబ్బనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి మొదలుపెట్టింది. నాకు దాదాపు కంఠతా వచ్చిన మాటలే. జడ్జి వైపు చూడలేదు, మా వైపు చూడలేదు, వాడినే చూస్తూ చెప్పింది. అరగంటలో వాడి మొహంలోని నవ్వు పోయింది. గంటకి తల దించుకున్నాడు. రెండు గంటలకి భోజన విరామమైంది.

విరామం తర్వాత వాడి వకీలు మళ్ళీ లేచి, తన కక్షిదారుకి తలనొప్పిగా ఉందని, సాక్ష్యం అయ్యేదాకా వాణ్ణి బయట కూర్చోనివ్వమని అడిగాడు. జడ్జిగారు డాక్టరుని పిలిపించాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు.

"అయితే ఇక్కడే ఉండి వినాలి" అన్నాడు జడ్జిగారు.

ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆపిన చోటునుంచి మళ్ళీ అందుకుంది. సాయంత్రం నాలుగున్నర దాకా చెప్పింది. వాడు విన్నాడు.